కారణం గడిలో రాసిన మాట

ఆ ఇంటి అత్తగారు పెట్టిన రూలు ఒక్కటే. కోడళ్ళిద్దరూ ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు కాబట్టి, కంపెనీ మాటలు చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచి లోపలికి రావాలి. చిన్నకోడలు పైఅంతస్తులో కుర్చీలో కూర్చుని కంప్యూటరు మీద ఇంగ్లీషు కొట్టే మనిషి. పెద్దకోడలు కింద కోల్డ్‌రూమ్‌లో నిలబడి మందుసీసాలు సర్దే మనిషి. ఇలాంటి తోటికోడళ్ళు ఇంట్లో కూడా కంపెనీ గురించే మాట్లాడుకుంటే ఉప్పూ నిప్పూ అవుతారని ఆవిడ భయం. ఆ భయం ఊరికే పోలేదు. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో గొడవన్నది లేదు. గొడవ లేని ఇల్లు బాగున్న ఇల్లే అని అందరూ అనుకున్నారు. చిన్నకోడలు అందరికంటే గట్టిగా అనుకుంది.

గురువారం ఉదయం పది గంటలకు ఆమె బల్ల మీదికి ఒక కాగితం వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి విచారణ ఉందని, పెద్దాఫీసు నుంచి మేడమ్ వస్తోందని, జరిగే సంభాషణంతా చిన్నకోడలే రాసుకోవాలని అందులో ఉంది. విషయం అన్నచోట ఒక వాక్యం ఉంది. గాజుపనికి చేతులు అనువుగా లేని ఉద్యోగినిని తొలగించుట. ఆ కింద పెద్దకోడలి ఉద్యోగి నంబరు ఉంది. చిన్నకోడలు ఆ నంబరును మూడుసార్లు చూసింది. మూడుసార్లూ అదే నంబరు.

జరిగిందేమిటంటే, మంగళవారం పదకొండున్నరకు కోల్డ్‌రూమ్‌లో పెద్దకోడలి చేతిలోంచి ట్రే జారింది. నూట ఇరవై సీసాల ట్రే. పసిపిల్లలకు వేసే సూదిమందు. ఎనభై ఏడు సీసాలు ముక్కలయ్యాయి. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆవిడ చేతిలో అంతకు ముందు ఒక్క సీసా పగలలేదు. ఎటో చూస్తూ సూదిలో దారం ఎక్కించగలదని కంపెనీలో ఆవిణ్ణి అందరూ సూదక్క అని పిలుస్తారు.

కంపెనీలో ఏది పగిలినా గంటలోపు ఇంగ్లీషులో రిపోర్టు వెళ్ళిపోవాలి. ఆ రిపోర్టులో కారణం అని ఒక గడి ఉంటుంది. రెండు మాటలకు మించి అందులో పట్టవు. ప్రపంచంలో జరిగే ప్రతి అనర్థానికీ రెండే మాటల్లో కారణం ఉంటుందని ఆ ఫారం తయారుచేసిన మహానుభావుడి నమ్మకం కాబోలు. సూపర్‌వైజరు ఆ రోజు ఫోన్ చేసి, ఆవిడ చేతిలోంచి జారిందమ్మా, ఏదో ఒకటి రాసెయ్ అని పెట్టేశాడు.

చిన్నకోడలు ఆ గడి ముందు ఒక నిమిషం ఆలోచించింది. నిర్లక్ష్యం అని రాస్తే అక్క పీకకి చుట్టుకుంటుంది. మెషీను లోపం అంటే అబద్ధం, పైగా మెషీను ఆపాల్సి వస్తుంది. అప్పుడామెకు చిన్నప్పటి ఇంగ్లీషు టీచరు గుర్తొచ్చింది. సిరా ఒలకబోసుకున్నప్పుడల్లా ఆ టీచరు చెవి మెలిపెట్టి 'క్లమ్జీ గర్ల్' అనేది. నవ్వుతూనే అనేది. చేతివేళ్ళు చెప్పిన మాట వినని పిల్ల అన్నమాట. అందులో తిట్టు కంటే ముద్దే ఎక్కువ. బాగుంది, మెత్తగా ఉంది, ఎవరికీ దెబ్బ తగలదు అనుకుని గడిలో 'క్లమ్జీ' అని కొట్టింది. మంచిపని చేశానని మనసులో తన వీపు తనే తట్టుకుని టీ తాగడానికి వెళ్ళింది.

ఇప్పుడా ముద్దుమాటే ఈ కాగితమై తిరిగొచ్చింది. పక్క బల్ల దగ్గర ముప్పయ్యేళ్ళుగా ఫైళ్ళు చూస్తున్న గుమాస్తా ఉన్నాడు. ఆయన్ని అడిగితే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నెమ్మదిగా చెప్పాడు. నిర్లక్ష్యం అని రాసి ఉంటే మొదటిసారికి వార్నింగు లెటరుతో పోయేదట. నిర్లక్ష్యంగా ఉన్న మనిషి రేపు జాగ్రత్తపడొచ్చు. కానీ చేతుల తీరే అంత అని రాశాక ఇక మారేదేముంది? గాజుతో పని జరిగే ఏ చోటా ఆ మాట పడ్డ మనిషిని ఉంచరు. ఆ మాట ఫైల్లో ఉన్నన్నాళ్ళూ ఇంకో కంపెనీ కూడా తీసుకోదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందమ్మా అని ఆయన కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నాడు.

చిన్నకోడలికి ఒక సంగతి తెలుసు. పెద్దకోడలికి ఆ ఉద్యోగం తిండి కోసం మాత్రమే కాదు. ఇంట్లో ఆవిడ చేసే పనికి ఎవరూ పేరు పెట్టరు, మెచ్చుకోరు. ఆవిడ చేతుల గురించి పదిమంది గొప్పగా చెప్పుకునే చోటు ఈ లోకంలో ఆ కోల్డ్‌రూమ్ ఒక్కటే. ఆ చోటునే ఒక్క మాటతో తను తుడిచేసింది.

ఆమె కిందికి పరిగెత్తింది. బట్టలు మార్చుకునే గది బయట బెంచీ మీద పెద్దకోడలు కూర్చుని ఉంది. రెండురోజులుగా పనికి రానివ్వడం లేదు. అయినా నిన్న ఉదయం రోజూలాగే క్యారేజీ పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరింది, రోజూలాగే సాయంత్రం తిరిగొచ్చింది. ఇంట్లో ఆవిడా ఏమీ అనలేదు, చిన్నకోడలూ ఏమీ అడగలేదు. రిపోర్టన్నాక రెండ్రోజులు పక్కన పెట్టడం మామూలేనని చిన్నకోడలు సర్దిచెప్పుకుంది. ఇద్దరూ చెప్పులు గుమ్మం బయటే విడిచారు.

చిన్నకోడలు తను చేసిన పని చెప్పబోయింది. పెద్దకోడలు తలెత్తలేదు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నేల వంక చూస్తూ, "మూడింటికి కదా. పైకెళ్ళి నీ పని చూసుకో" అంది. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండును. లేదు.

పైకొచ్చి చిన్నకోడలు డ్రాయరులోంచి తన లావుపాటి డిక్షనరీ తీసింది. సెకండ్ హ్యాండులో కొన్న పుస్తకం. ఆ మాటకి ఇంకేదైనా మెత్తటి అర్థం ఉంటే విచారణలో చెప్పి బతిమాలుకోవచ్చని ఆశ. అర్థాలు ఉన్నాయి, ఒక్కటీ పనికొచ్చేది లేదు. పనితనం లేని. అడ్డదిడ్డమైన. మొరటు. అన్నీ చదివాక ఆఖర్న చీమతలంత అక్షరాల్లో ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసి ఉంది. ఆ చిన్న అక్షరాలు ఆమె ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. మాట పుట్టుక ఎవడిక్కావాలి, స్పెల్లింగు సరిగ్గా ఉంటే చాలు అనుకునే రకం. ఈ రోజు చదివింది.

నాలుగైదొందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషులో 'క్లమ్స్' అని ఒక మాట ఉండేదట. బహుశా ఉత్తరాన ఉన్న మంచుదేశాల భాషల్లోంచి వచ్చి ఉంటుందట. దాని అర్థం, చలికి మొద్దుబారడం. చేతులు కొయ్యబారిపోవడం.

ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టి కూర్చుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతే మనిషి పట్టుకున్నది జారిపోతుంది. చూసినవాడికి చలి కనిపించదు, జారడం ఒక్కటే కనిపిస్తుంది. కాలం గడిచాక చలి సంగతి మర్చిపోయి జారడాన్నే మనిషి గుణం కింద రాసేసుకున్నారు. మన దగ్గర మాత్రం తక్కువా? మొద్దుబారిన చేతిని చూసి మనిషినే మొద్దు అంటాం. ఆ ఆలోచన వెనకే మరో ఆలోచన వచ్చింది. ఆమెకు సంతకాలు గుర్తొచ్చాయి.

కోల్డ్‌రూమ్‌లో మైనస్ ఇరవై ఉంటుంది. పదకొండు మంది ఆడవాళ్ళు అందులో పనిచేస్తారు. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు వేడిగదిలో, మళ్ళీ ఇరవై నిమిషాలు లోపల. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక సంతకం, బయటికొచ్చేటప్పుడు ఒక సంతకం. టైములు సూపర్‌వైజరు వేస్తాడు, సంతకాలు వాళ్ళు పెడతారు. రోజూ సాయంత్రం ఆ షీట్లు పైకొస్తే ఫైల్లో కుట్టే పని చిన్నకోడలిది. ఈమధ్య బయటికొచ్చే సంతకాలు కోడి కెలికినట్టు ఉంటున్నాయని ఆమెకు చిరాకేసింది. చిరాకేసి ఊరుకుందా? పదిహేను రోజుల కిందట వేడిగది తలుపు మీద ఒక నోటీసు కూడా అంటించింది. సంతకాలు అర్థమయ్యేలా పెట్టవలెను అని.

ఫైలు దించి షీట్లు నేల మీద పరిచింది. నెల కిందటి షీట్లలో వెళ్ళిన సంతకమూ వచ్చిన సంతకమూ అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. మూడువారాల కిందట ఒక సోమవారం నుంచి మారాయి. వెళ్ళేటప్పుడు ముత్యాల్లాంటి అక్షరాలు, వచ్చేటప్పుడు గీతలు. ఒకరివి కాదు, పదకొండు మందివీ. రోజు గడిచేకొద్దీ ఇంకా ఘోరం. సాయంత్రం ఆఖరి సంతకాల్లో కొన్ని చోట్ల కాగితం చిరిగి ఉంది. పెన్ను పిడికిట్లో పట్టుకుని పొడిస్తే తప్ప కాగితం అలా చిరగదు. టైములు చూస్తే మాత్రం ఎప్పట్లాగే ఇరవై, పది, ఇరవై, పది. ఒక్క నిమిషం తేడా లేదు.

నిమిషం కూడా తేడా లేకపోవడమే ఆమెకు అనుమానం కలిగించింది. ఒంటిగంటకు ఆ షీట్లు పట్టుకుని కిందికి వెళ్ళి కోల్డ్‌రూమ్ తలుపు అద్దం దగ్గర నిలబడింది. లోపల తెల్లటి లావు కోట్లలో ఆడవాళ్ళు సీసాలకు లేబుళ్ళు అంటిస్తున్నారు. లేబుల్ వెనక కాగితం లావు గ్లవ్స్‌తో ఊడిరాదు. అందుకని అందరూ కుడిచేతి గ్లవ్‌కి బొటనవేలూ, పక్క రెండు వేళ్ళూ కత్తిరించుకుంటారు. ఆ మూడు వేళ్ళకీ లోపల పల్చటి రబ్బరు తొడుగు ఒక్కటే దిక్కు. అలా చెయ్యకూడదని అందరికీ తెలుసు. అలా చెయ్యకపోతే పని జరగదనీ అందరికీ తెలుసు. ఇరవై నిమిషాలైతే ఆ మూడు వేళ్ళూ ఎలాగో ఓర్చుకుంటాయి.

ఇరవై నిమిషాలయ్యాయి. ఎవరూ బయటికి రాలేదు. ఇరవై ఐదు. ముప్పై. చిన్నకోడలు గోడగడియారాన్నీ, అద్దాన్నీ మార్చిమార్చి చూస్తోంది. లోపల ఒకావిడ లేబుల్ ఊడదీయలేక వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊదుకుంటోంది. ముప్పై ఎనిమిదో నిమిషంలో తలుపు తెరుచుకుంది. ముందు వచ్చినావిడ పెన్ను తీసుకుంది, పెన్ను జారింది. వంగి తీసి పిడికిట్లో బిగించి షీటు మీద ఒక గీత లాగింది. పైఅంతస్తు మనిషిని చూసి నొచ్చుకుని, "బాగా పెట్టమన్నారు కదమ్మా, రేపట్నించి పెడతాం" అంది. చిన్నకోడలికి ఆ నోటీసు పీకి మింగెయ్యాలనిపించింది.

షీటు మీద టైములు అప్పటికే వేసి ఉన్నాయి. లోపలికి ఒంటిగంట, బయటికి ఒకటీ ఇరవై.

వెనకనుంచి సూపర్‌వైజరు గొంతు వినిపించింది. చేతివాచీ చూసుకోకుండా ఎదుటివాడి మొహం చూసి ఎరగని మనిషి కాబట్టి ఆయన్ని చాటుగా గడియారం అంటారు. ఆయన కోప్పడలేదు. ఆమె చేతిలోని పాత షీట్లు చూసి, పక్కకు పిలిచి, మెల్లగా మాట్లాడాడు. మూడువారాల్లో రెట్టింపు సరుకు పంపాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. కాగితం మీద కాదు, నోటిమాటగా. ఎక్కడో పిల్లలకు జబ్బు పాకుతోందట, మందు ఒక్కరోజు ఆలస్యమైతే ఆ పాపం ఎవరిదని అడిగాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. ఆయన కళ్ళ కింద నల్లటి వలయాలు ఉన్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో ఈ ఆర్డరు అయిపోతుంది, అంతా మామూలవుతుంది అన్నాడు.

తర్వాత చెప్పాల్సింది చెప్పాడు. "చూడమ్మా, కారణం గడిలో ఆ మాట నేను చెప్పలేదు. నువ్వు రాశావు, కింద సంతకం నీది. ఇప్పుడది తప్పంటే ముందు పోయేది నువ్వే. ఒకే ఇంట్లోంచి ఇద్దరెందుకు?"

ఆయన వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. రెండు కావస్తోంది. చిన్నకోడలు మెట్ల మీద కూలబడింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నోరు మూసుకుంటే తన కుర్చీ తనకుంటుంది, అక్క ఒక్కతే పోతుంది. ఇంటికెళితే అత్తగారు కంపెనీ మాటలు అడగదు. అన్నం పెట్టుకుని తినొచ్చు, ఎదురుగా అక్క కూర్చుని ఉంటుంది. తను రాసిన మాటని అక్క ఎప్పటికీ ఎత్తిచూపదు. ఆ ఎత్తిచూపకపోవడాన్నే తను భరించలేననుకుంది. పైకి నడిచి, షీట్లు డిక్షనరీలో పెట్టుకుంది.

మూడింటికి విచారణ మొదలైంది. పొడవాటి బల్ల. ఒక చివర పెద్దాఫీసు మేడమ్, జుట్టు బిగించి ముడివేసుకున్న సన్నటి మనిషి. ఆమె కుడివైపు సూపర్‌వైజరు, ఎదురుగా పెద్దకోడలు, పక్కన కాగితాలతో చిన్నకోడలు. మేడమ్ రిపోర్టు చదివింది. సీసాల సంఖ్య చదివింది, కారణం చదివింది. ఆ మాట ఆ గదిలో పైకి వినిపించేసరికి చిన్నకోడలి చెవులు మండాయి. మీరేమైనా చెప్పుకునేది ఉందా అని మేడమ్ పెద్దకోడల్ని అడిగింది.

"జారిపోయిందండి" అంది పెద్దకోడలు.

ఆ ముక్క రాసుకోవాల్సిన చిన్నకోడలు రాయలేదు. పెన్ను కింద పెట్టి లేచి నిలబడింది. కారణం గడిలో ఉన్న మాట తను రాసిందని, ఎవరినీ అడక్కుండా, పడిన చోటుకు వెళ్ళి చూడకుండా రాసిందని చెప్పింది. డిక్షనరీ తెరిచి ఆ చీమతల అక్షరాలు చదివి వినిపించింది. సూపర్‌వైజరు చిన్నగా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు, కానీ విచారణలు డిక్షనరీల మీద జరగవని, నాలుగొందల ఏళ్ళ కిందటి అర్థంతో ఇప్పుడు పని లేదని నిక్కచ్చిగా చెప్పింది. కూర్చోమంది.

చిన్నకోడలు కూర్చోలేదు. డిక్షనరీలోంచి షీట్లు తీసి బల్ల మీద పరిచింది. ఒకవైపు నెల కిందటివి, ఒకవైపు ఈ మూడువారాలవి. ఈ మధ్యాహ్నం అద్దం దగ్గర నిలబడి తను లెక్కపెట్టిన ముప్పై ఎనిమిది నిమిషాల సంగతి చెప్పింది. "టైములు ఎవరైనా వెయ్యొచ్చు మేడమ్. సంతకాలు మాత్రం వాళ్ళ వేళ్ళు పెట్టినవి."

మేడమ్ షీట్ల మీదికి వంగింది. సూపర్‌వైజరు గొంతు సవరించుకుని, ఆడవాళ్ళకు సంతకాల మీద శ్రద్ధ లేదని, అందుకే నోటీసు కూడా పెట్టాల్సి వచ్చిందని అన్నాడు. జేబులోంచి ఆ నోటీసు తీశాడు. వేడిగది తలుపు మీద నుంచి ఊడదీసి తెచ్చి ఉంచుకున్నాడన్నమాట. "ఇది పెట్టింది ఎవరో అడగండి మేడమ్. ఈవిడే."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది. మేడమ్ నోటీసు కింద పేరు చూసి తలెత్తింది. చిన్నకోడలు అబద్ధమాడలేదు. తనే పెట్టానంది. రోజూ ఆ గీతలు చూశానని, చూసి కోప్పడ్డానే తప్ప ఎందుకని అడగలేదని చెప్పింది. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

మేడమ్ ఒక తెల్లకాగితం పెద్దకోడలి ముందుకు జరిపింది. సంతకం పెట్టమంది. ఆవిడ రెండురోజులుగా చలిలోకి వెళ్ళలేదు, బయట బెంచీ మీద వెచ్చగానే కూర్చుంది. చిన్నకోడలికి ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు అక్క ముత్యాల్లాంటి సంతకం పెడుతుంది, తేడా వీళ్ళందరూ కళ్ళారా చూస్తారు.

పెద్దకోడలు చంకల్లోంచి చెయ్యి తీసింది. పెన్ను అందుకోవడానికి వేళ్ళు ఒకసారి తప్పాయి. రెండోసారి ఎడంచేత్తో పెన్ను తీసి కుడిచేతిలో పెట్టుకుంది. పేరులో మొదటి అక్షరం మొదలెట్టింది. గీత పక్కకు పోయింది. పెన్ను ఒరిగి బల్ల మీద దొర్లింది. ఆవిడ మళ్ళీ తీసి, ఈసారి పిడికిట్లో పట్టుకుని, పళ్ళు బిగించి పూర్తిచేసింది. కాగితం చిరిగింది.

సూపర్‌వైజరు వెనక్కి వాలాడు. "చూశారు కదా మేడమ్. ఇందులో చలి ఎక్కడుంది?"

చిన్నకోడలు కూర్చుండిపోయింది. అంతా తనే చెడగొట్టింది. రాసిన మాటే నిజమని తనే దగ్గరుండి రుజువు చేయించింది.

మేడమ్ మాత్రం ఆ చిరిగిన కాగితాన్నే చూస్తోంది. నెల కిందటి షీటు తీసి దాని పక్కన పెట్టింది. ఒకే పేరు, ఒకే మనిషి. ఒకటి పొందికైన దస్తూరి, ఇంకొకటి పసిపిల్ల గీసిన గీత. ఎప్పట్నుంచి ఇలా ఉందని పెద్దకోడల్ని అడిగింది. వారం నుంచి, అంది పెద్దకోడలు. రాత్రి వెచ్చటి నీళ్ళలో పెడితే తెల్లారేసరికి తిమ్మిరి పోయేదని, మంగళవారం నుంచి పోవడం లేదని, ఆ మూడు వేళ్ళూ తనవి కానట్టున్నాయని చెప్పింది. ఎందుకు చెప్పలేదని అడిగితే, చెబితే పనికిరానని తీసేస్తారని భయపడ్డానంది.

మేడమ్ లేచి ఫోన్ చేసి, కోల్డ్‌రూమ్ ఈ క్షణమే ఖాళీ చేయించమని, పదకొండు మందినీ డాక్టరుకు చూపించమని చెప్పింది. ఫోన్ పెట్టి సూపర్‌వైజరు వంక తిరిగింది. ఆర్డరు నోటితో ఇచ్చిందెవరో, టైములు ముందే వేసిందెవరో రేపు ఉదయానికి రాతపూర్వకంగా కావాలంది. ఆయన వాచీ చూసుకోలేదు. తర్వాత రిపోర్టు తీసి కారణం గడిలోని మాటను అడ్డంగా కొట్టేసింది. పెద్దకోడలి ఉద్యోగం ఎక్కడికీ పోదని, కోల్డ్‌రూమ్‌లోకి మాత్రం ఇక వెళ్ళకూడదని చెప్పింది. చిన్నకోడలి మీద వేరే విచారణ ఉంటుందట. ఎవరినీ అడక్కుండా కారణం రాసినందుకు. ఆ మాటకు చిన్నకోడలు సరేనండి అంది. మనస్ఫూర్తిగానే అంది.

డాక్టరు గది బయట సన్నటి నడవాలో ఇద్దరూ కూర్చున్నారు. లోపల ఎవరినో చూస్తున్నారు. అక్క తనను దగ్గరికి తీసుకుని నా ఉద్యోగం నిలబెట్టావే అంటుందేమోనని చిన్నకోడలి మనసులో ఒక మూల చిన్న ఆశ ఉంది. ఉండదా మరి.

"ఆ మాట రాయడానికి నీకెంతసేపు పట్టింది?" అంది పెద్దకోడలు, ఎదురుగా గోడను చూస్తూ.

"నిమిషం పట్టిందక్కా."

"నీ కుర్చీలోంచి లేచి కిందికొస్తే ఎన్ని మెట్లు?"

చిన్నకోడలికి తెలుసు. రోజూ ఎక్కి దిగే మెట్లే. "ఇరవై రెండు."

"ఇరవై రెండు మెట్లు దిగి, ఏమైందక్కా అని అడగలేకపోయావు." ఆవిడ గొంతు అప్పుడు పగిలింది. "ఒకే కంచంలో తినకపోయినా ఒకే వంటింట్లో తిరుగుతున్నాం కదే. వారం నుంచి నా చేతిలోంచి గరిటె జారుతుంటే చూస్తూనే ఉన్నావు. పరాయివాళ్ళు రాసుంటే ఏడ్చేదాన్ని కాదు."

అత్తగారి రూలు అడ్డమని చిన్నకోడలు చెప్పొచ్చు. మంచికనే రాశానని చెప్పొచ్చు. రెండూ నిజమే. రెండూ సిగ్గులేని మాటలే అనిపించి ఊరుకుంది. తలవంచుకుని ఏడ్చింది. పెద్దకోడలు అలా ఏడవనిచ్చింది, ఓదార్చలేదు. కొంతసేపటికి కుడిచెయ్యి చంకలోంచి తీసి చిన్నకోడలి ఒళ్ళో పెట్టింది. వేళ్ళ చివర్లు పాలిపోయి, గోళ్ళ చుట్టూ నీలం తిరిగి ఉన్నాయి.

"ఇప్పుడడుగు" అంది.

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆరేళ్ళలో ఆ చేతిని అలా పట్టుకోవడం అదే మొదలు. బొటనవేలు చివర నొక్కి, ఇక్కడ తెలుస్తోందా అని అడిగింది. పెద్దకోడలు తల అడ్డంగా ఊపింది. చూపుడువేలు నొక్కింది. తెలియడం లేదు. నడిమివేలు. అదీ అంతే. వేలి మొదలుకు వచ్చి, అరచేయి మొదలయ్యేచోట ఇంకాస్త గట్టిగా నొక్కింది.

"ఇక్కడా?"

"ఆఁ" అంది పెద్దకోడలు. "అక్కడ తెలుస్తోంది."

డాక్టరు పిలిచేదాకా చిన్నకోడలు ఆ చోటి నుంచి వేలు తియ్యలేదు.